ఇంటి దగ్గరే కారు పని: పట్టేసిన నట్లు, చెయ్యి దూరని సందులు – సమగ్ర మార్గదర్శి

వైపర్ బ్లేడు మార్చడం, టైర్లలో గాలి చూసుకోవడం ఎవరైనా చెప్పేస్తారు. విజయవాడ, గుంటూరుల్లో సొంతంగా కారు పని చేసుకునేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేది ఇవి కావు. స్పానర్ తిప్పడానికి చోటు లేదు, నట్టు కదలనంటోంది, బోల్టు తల అరిగిపోయింది, వాషర్ ఇంజిన్ సందులో ఎక్కడో పడింది. ఇప్పుడేం చెయ్యాలి? ఈ మార్గదర్శి ఆ సమయం కోసమే.

ఇలాంటి పనులు బలం చాలక చెడిపోవు, బలం ముందే వాడేయడం వల్ల చెడిపోతాయి. ముందు ఆ చోటు కంటికి కనపడాలి. తర్వాత చెయ్యి అందాలి. ఆ తర్వాత పనిముట్టు నట్టు మీద నిండుగా కూర్చోవాలి. ఈ మూడూ కుదిరాకే బలం పెట్టాలి. కింద చెప్పిన ప్రతి పనిలోనూ వరస ఇదే.

1. ఇంట్లో ముట్టుకోకూడనివి

చేసుకోదగ్గ పనుల కన్నా ముందు ఈ జాబితా చదవండి. వీటి జోలికి మాత్రం వెళ్ళొద్దు:

- పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగున్న వైర్లు. ఇవి ఎయిర్‌బ్యాగులవి.
- హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో ఆరెంజ్ రంగు కేబుళ్ళు. వాటిలో ప్రాణం తీసే వోల్టేజి ఉంటుంది.
- సీఎన్‌జీ, ఎల్‌పీజీ పైపులు, వాల్వులు.
- సస్పెన్షన్ స్ప్రింగులు. నొక్కిపెట్టిన స్ప్రింగు తప్పించుకుంటే బుల్లెట్‌తో సమానం.
- ఏసీ గ్యాసు లైన్లు, టైమింగ్ బెల్టు, ఏబీఎస్ యూనిట్.

మిగిలినవాటిలో చాలా పనులు ఓపికుంటే ఇంట్లోనే అవుతాయి. వారంటీలో ఉన్న కారైతే ఏ పనికి అనుమతి ఉందో ముందు బుక్‌లెట్‌లో చూసుకోండి.

2. చోటు, వేళ

మన ఊళ్ళలో చాలామందికి దొరికేది అపార్ట్‌మెంటు సెల్లారే. అక్కడ మూడు ఇబ్బందులు ఉంటాయి.

మొదటిది వాలు. సెల్లారు నేల చదునుగా కనపడినా నీళ్ళు పోవడానికి ఏదో ఒక వైపు వాటం పెడతారు. మంచినీళ్ళ సీసా నేల మీద పడుకోబెడితే ఎటు దొర్లుతుందో చూస్తే తెలిసిపోతుంది.

రెండోది టైల్స్. నున్నటి పార్కింగ్ టైల్స్ మీద జాకీ జారుతుంది. జాకీ కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేయండి. ఇంటి ముందు తారు రోడ్డు మీద చేసేవాళ్ళకూ ఆ ముక్క కావాలి. ఎండాకాలం మెత్తబడిన తారులోకి జాకీ స్టాండు కాళ్ళు దిగబడిపోతాయి.

మూడోది వెలుతురు. పైన ట్యూబ్‌లైట్ ఉన్నా బానెట్ నీడ ఇంజిన్ మీదే పడుతుంది. తలకి కట్టుకునే లైటు ఒకటి కొనుక్కోండి. ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని పని చేసే అలవాటు మానెయ్యండి. ఆ ఫోన్ జారితే ఫ్యాను బెల్టు పక్కకే వెళ్ళి పడుతుంది.

వేళ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర తొమ్మిది దాటాక బయట ఇనుము ముట్టుకోలేం. తెల్లవారుజామున ఐదున్నరకి మొదలుపెట్టడం ఉత్తమం. రాత్రంతా చల్లారిన ఇంజిన్, పొడిగా ఉండే చేతులు, నిద్ర లేవని ఇరుగుపొరుగు. సాయంత్రం చేస్తే కారు నడిపి వచ్చిన వెంటనే మొదలుపెట్టొద్దు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత విప్పితే ముఖం కాలిపోతుంది. చల్లారేదాకా ఆ మూత జోలికే పోవద్దు.

3. పనిముట్లు: ఏవి కొనాలి, ఏవి అక్కర్లేదు

నూటయాభై ముక్కల సెట్టు కొనేస్తే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అందులో సగం డబ్బాలోంచి బయటికే రావు. నేనైతే ఇలా కొనమంటాను.

ముందు కావాల్సినవి

- రింగు స్పానర్లు, డబుల్ ఎండ్ స్పానర్లు: 8, 10, 12, 13, 14, 17, 19 నంబర్లు (నంబరంటే నట్టు వెడల్పు, మిల్లీమీటర్లలో). 10 నంబరువి రెండు కొనండి. ఎక్కువగా వాడేదీ అదే, ఎక్కువగా పోయేదీ అదే.
- 3/8 అంగుళం రాచెట్ (తీసి మళ్ళీ పెట్టకుండా అటూ ఇటూ ఆడిస్తూ తిప్పే పిడి), దానికి సాకెట్లు (నట్టు మీద టోపీలా కూర్చునేవి). అర అంగుళం రాచెట్ పెద్ద బోల్టులకు బాగుంటుంది కానీ ఇంజిన్ సందుల్లో దాని తలే దూరదు.
- చక్రాల నట్లకు పొడవాటి సాకెట్. మారుతి కార్లకు చాలావరకు 19, హ్యుందాయ్‌కి 21 నంబరు. మీ కారుకి వేసి చూసి కొనండి.
- కటింగ్ ప్లేయర్, పొడుగు ముక్కున్న నోస్ ప్లేయర్, బిగించి లాక్ చేసే గ్రిప్ ప్లేయర్.
- టార్క్ రెంచ్ (ఎంత బిగించాలో అంకె పెట్టుకుంటే అక్కడికి రాగానే టక్కుమనేది), రెండు జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మెలు.

సాకెట్లు కొనేటప్పుడు లోపలికి చూడండి. ఆరు పలకలవి ఉంటాయి, పన్నెండు పలకలవి ఉంటాయి. పన్నెండు పలకలవి త్వరగా కూర్చుంటాయి కానీ పట్టేసిన నట్టు మీద మూలల్నే పట్టుకుని వాటిని తినేస్తాయి. ఇంటి పనికి ఆరు పలకలవే తీసుకోండి.

సందుల కోసం

- 75, 150, 250 మిల్లీమీటర్ల ఎక్స్‌టెన్షన్ రాడ్లు.
- యూనివర్సల్ జాయింట్. సాకెట్‌ని వంపులో తిప్పడానికి.
- తల కదిలే రాచెట్ స్పానర్, కనీసం 10, 12 నంబర్లలో. కొద్దిగా తిప్పే చోటు దొరికినా ఇది పని చేస్తుంది.
- సాగే కడ్డీకి అయస్కాంతం, పట్టుకునే గోళ్ళున్న తీగ.
- కడ్డీకి బిగించిన చిన్న అద్దం.
- ఫోన్‌కి తగిలించే ఎండోస్కోప్ కెమెరా. తరచుగా చేసుకునేవాళ్ళకి మాత్రమే.
- ప్లాస్టిక్ క్లిప్పులు తీసే నైలాన్ పట్టీల సెట్టు.

స్క్రూ డ్రైవర్ల గురించి ఒక మాట. జపాన్ మూలాలున్న కార్లలో ప్లస్ గుర్తు స్క్రూలు చాలావరకు జపాన్ ప్రమాణంవి. మనకు షాపులో దొరికే మామూలు ఫిలిప్స్ డ్రైవర్ వాటిలో పూర్తిగా దిగదు. తిప్పగానే పైకి ఎగిరి స్క్రూ తలను తినేస్తుంది. ఇలాంటి స్క్రూ ఎప్పుడూ అరిగిపోతుంటే తప్పు చేతిది కాకపోవచ్చు, డ్రైవర్ కొనదే కావచ్చు. జపాన్ ప్రమాణం డ్రైవర్, రెండో నంబరు సైజు ఒక్కటి ఉంటే ఆ తలనొప్పి పోతుంది.

విజయవాడలో వీటికి ఆటోనగర్ వెళ్ళండి. గుంటూరు వాళ్ళకీ తమ ఆటోనగర్ ఉంది. షాపులో సాకెట్‌ని చేత్తో పట్టుకుని, ఒక కొత్త బోల్టు తల మీద పెట్టి కదిపి చూడండి. గలగలలాడితే వద్దు. స్పానర్లు తాపారియా లాంటి పేరున్న కంపెనీవి తీసుకుంటే ఏళ్ళు వస్తాయి. అద్దం, అయస్కాంతం లాంటివి చవకవి చాలు. డబ్బు పెట్టాల్సింది నట్టును పట్టుకునే వస్తువు మీద, కారును మోసే వస్తువు మీద.

4. మొదలుపెట్టే ముందు

ప్రతి పనికీ ఇది ఒకసారి చూసుకోండి:

- ఉంగరం, కడియం, వాచీ తీసేశారా? స్పానర్‌కీ బ్యాటరీకీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే వేలు కాలిపోతుంది.
- కళ్ళద్దాలు పెట్టుకున్నారా? కింద పడుకుని పైకి చూసే పనిలో తుప్పు నేరుగా కంట్లోకే రాలుతుంది.
- విప్పే ముందు ఫోటో తీశారా? దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి.
- బోల్టులు పెట్టడానికి గిన్నెలు, కోడిగుడ్ల ట్రే సిద్ధంగా ఉన్నాయా? విప్పిన వరసలోనే గుంటల్లో పెట్టండి. ఎక్కించేటప్పుడు వెనక నుంచి తీసుకుంటే చాలు.
- కొత్త వాషర్, కొత్త ఓ-రింగు ముందే తెచ్చుకున్నారా?
- కరెంటు పనైతే బ్యాటరీ నెగెటివ్ తీశారా? తీసేటప్పుడు నెగెటివ్ ముందు. పెట్టేటప్పుడు నెగెటివ్ ఆఖర్న.

కారు ఎత్తేటప్పుడు ఇంకొన్ని జాగ్రత్తలు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. స్టాండు వేయకుండా ఎవరూ కారు కిందికి దూరకూడదు, చెయ్యి కూడా పెట్టకూడదు. స్టాండు బదులు ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చొద్దు. అవి ముందుగా చెప్పకుండానే పగిలిపోతాయి. జాకీ పెట్టే చోటు మాన్యువల్‌లో బొమ్మతో ఉంటుంది. డోరు కింద అంచులో రెండు గాట్ల మధ్య భాగం అది. స్టాండు వేశాక కారును చేత్తో అటూ ఇటూ ఊపి చూసి, అప్పుడే పని మొదలుపెట్టండి.

5. పట్టేసిన నట్టు

ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. అసలు పని అంతా ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మొదట ఎటు తిప్పితే వదులవుతుందో తేల్చుకోండి. బోల్టు తలకు ఎదురుగా ఉండి చూస్తే, గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితే బిగుస్తుంది, వ్యతిరేకంగా తిప్పితే వదులవుతుంది. కింద పడుకున్నప్పుడు, అద్దంలో చూస్తున్నప్పుడు ఈ దిశ తికమక పెడుతుంది. ఆ సమయంలో బోల్టు తల వైపు మన ముఖం ఉన్నట్టు ఊహించుకుని తిప్పాలి. పట్టేసిందనుకుని ఇంకా బిగించేసి విరగ్గొట్టిన బోల్టులు తక్కువేం కాదు.

తర్వాత ఈ మెట్లు వరసగా:

1. వైరు బ్రష్‌తో శుభ్రం చేయండి. బయటికి కనపడే త్రెడ్ (మర) మీది తుప్పు, మట్టి పోవాలి. నట్టు దాని మీదుగానే బయటికి రావాలి కదా.
2. ఆయిల్ పట్టించండి. తుప్పులోకి దిగే పెనెట్రేటింగ్ ఆయిల్ అయితే మేలు. డబ్ల్యూడీ-40 కూడా తేలికపాటి తుప్పుకు చాలు. కనీసం పావుగంట ఆగండి. బాగా పట్టేస్తే రాత్రి కొట్టి పొద్దున మళ్ళీ కొట్టండి. బ్రేకు డిస్కు మీద, ప్యాడ్ల మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదు.
3. సుత్తితో తట్టండి. బోల్టు తల మీద నిటారుగా చిన్న చిన్న దెబ్బలు. ఆ అదురుకి తుప్పు పొర పగిలి ఆయిల్ లోపలికి దిగుతుంది.
4. కొంచెం బిగించి, తర్వాత వదులు చేయండి. ఒక వెంట్రుకవాసి బిగించే వైపు కదిలినా చాలు, పట్టు వదిలిపోతుంది.
5. పొడవాటి పిడి వాడండి. రాచెట్ పిడికి పైపు తొడగొద్దు, లోపల పళ్ళు పోతాయి. దీనికి బ్రేకర్ బార్ అని విడిగా దొరుకుతుంది. కుదుపుగా లాగొద్దు, మెల్లగా బరువు పెంచుతూ పోండి.
6. వేడి. హీట్ గన్‌తో నట్టును మాత్రమే వేడి చేస్తే అది వ్యాకోచించి వదులవుతుంది. పెట్రోల్ లైన్, బ్రేకు గొట్టం, రబ్బరు బుష్, బ్యాటరీ దగ్గర ఉంటే ఈ మెట్టు వదిలేయండి. ఆయిల్ కొట్టిన చోట పూర్తిగా తుడిచాకే వేడి పెట్టాలి. మంట వద్దేవద్దు.

తిరగడం మొదలయ్యాక ఏకబిగిన విప్పేయొద్దు. అర చుట్టు విప్పి, పావు చుట్టు వెనక్కి బిగించి, ఆయిల్ కొట్టి, మళ్ళీ విప్పండి. కిర్రుమని గట్టిపడుతుంటే త్రెడ్ మధ్య తుప్పు పొడి ఇరుక్కుందని అర్థం.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగి తేలిన కార్లకు ఈ బాధ ఎక్కువ. విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో రోజుల తరబడి నీళ్ళలో నిలిచిన బండ్లు చాలా ఉన్నాయి. ఇంజిన్ బాగు చేయించుకుని నడుపుతున్నా, చక్రాల స్టడ్లు (నట్లు ఎక్కే మర కడ్డీలు), సైలెన్సర్ బోల్టులు, సీటు కింది బోల్టులు లోపల్లోపల తుప్పు పట్టి ఉంటాయి. అలాంటి కారైతే మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టండి, నేరుగా ఐదో మెట్టుకు దూకొద్దు.

6. బోల్టు తల అరిగితే, స్టడ్డు విరిగితే

సాకెట్ ఒక్కసారి జారిందంటే ఆగిపోండి. రెండోసారి జారితే మూలలు పూర్తిగా పోతాయి.

- కొద్దిగా అరిగితే: ఆరు పలకల సాకెట్‌ని సుత్తితో తట్టి లోపలికి దింపండి.
- ఇంకొంచెం అరిగితే: గ్రిప్ ప్లేయర్ గట్టిగా లాక్ చేసి తిప్పండి. పక్క నుంచి చోటుంటేనే ఇది కుదురుతుంది.
- పూర్తిగా గుండ్రంగా అయితే: లోపల మెలి తిరిగిన పళ్ళుండే ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ వస్తుంది. తిప్పేకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.
- స్క్రూ తల అరిగితే: రబ్బరు బ్యాండ్ ముక్క మధ్యలో పెట్టి డ్రైవర్‌ని గట్టిగా నొక్కి తిప్పండి. తేలికపాటి స్క్రూలకు చాలాసార్లు వచ్చేస్తుంది.

స్టడ్డు విరిగిపోతే మాత్రం ఇంట్లో డ్రిల్లు పెట్టొద్దని నా సలహా. డ్రిల్లు ఒక పక్కకి జారితే అల్యూమినియం తినేస్తుంది, అప్పుడు చిన్న ఖర్చు పెద్దదవుతుంది. ఆటోనగర్‌లో వెల్డింగ్ మేస్త్రీలు విరిగిన ముక్క మీదే నట్టు వెల్డ్ చేసి, ఆ వేడిలోనే తిప్పి తీసేస్తారు. కారు మీదే వెల్డింగ్ చేయాల్సి వస్తే బ్యాటరీ నెగెటివ్ తీయించడం మర్చిపోవద్దు.

7. చెయ్యి దూరని చోట

హెడ్‌లైట్ బల్బు. బ్యాటరీ వైపు బల్బు మార్చడమే ఎక్కువమందిని ఏడిపిస్తుంది. పిడికిలి పట్టేంత సందు కూడా ఉండదు. బ్యాటరీ తీసేస్తే పది నిమిషాల పని. తీయకుండా చేస్తే గంట పడుతుంది, వేళ్ళ మీద చర్మం ఊడుతుంది. అడ్డొచ్చింది తీయడానికి బద్ధకించకండి.

హెచ్4 హాలోజన్ బల్బుకి వరస ఇది:

1. కనెక్టర్‌ని నేరుగా వెనక్కి లాగండి, వైర్లు పట్టుకుని కాదు.
2. రబ్బరు తొడుగును అంచు పట్టుకుని ఊడదీయండి.
3. సన్నటి తీగ క్లిప్పును లోపలికి నొక్కి పక్కకి జరపండి. కొత్త బల్బు పెట్టేటప్పుడు చూపు అందదు కాబట్టి, వేలితో ఆ తీగ ఎటు మడుస్తుందో ఒకటికి రెండుసార్లు కదిపి గుర్తుపెట్టుకోండి.
4. బల్బు చుట్టూ మూడు చెవులుంటాయి, ఒకటి మిగతా రెండింటికన్నా వెడల్పు. ఆ చెవి దాని గాడిలోనే కూర్చోవాలి. సరిగ్గా కూర్చుంటే బల్బు ఊగదు, వేలితో నొక్కినా తిరగదు.
5. బల్బు గాజును చేత్తో ముట్టుకోవద్దు. ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడవండి. వేలి నూనె ఉన్న చోట గాజు వేడెక్కి బల్బు త్వరగా పోతుంది.

60/55 వాట్ల చోట 100/90 వాట్ల బల్బు వేస్తే హోల్డర్, వైరింగ్ కరుగుతాయి. వెలుతురు చాలకపోతే ముందు గ్లాసు పసుపు తీయించుకోండి.

స్పార్క్ ప్లగ్గులు. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. ప్లగ్గు మీద కూర్చునే ఇగ్నిషన్ కాయిల్ బోల్టు ఎక్కువగా 10 నంబరే. కాయిల్ తీశాక ప్లగ్గు గుంతలో దుమ్ము కనపడుతుంది. ప్లగ్గు విప్పకముందే సైకిల్ పంపుతో ఆ దుమ్ము ఊదెయ్యండి, లేకపోతే అది నేరుగా సిలిండర్లో పడుతుంది. ప్లగ్గు సాకెట్ చాలా కార్లకు 16 నంబరు, కొన్నింటికి 14, పాతవాటికి 21.

కొత్త ప్లగ్గు దింపేటప్పుడు రాచెట్ ముట్టుకోవద్దు. సాకెట్, ఎక్స్‌టెన్షన్ మాత్రమే వేళ్ళతో పట్టుకోండి. ముందు విప్పే వైపు మెల్లగా తిప్పండి. ఒక చోట ప్లగ్గు టక్కున చిన్నగా కిందికి దిగినట్టు వేళ్ళకు తెలుస్తుంది. త్రెడ్ మొదలు కలిసింది అక్కడే. ఇప్పుడు బిగించే వైపు తిప్పితే వేళ్ళతోనే చివరిదాకా దిగాలి. రెండు చుట్లకే గట్టిపడితే అడ్డంగా ఎక్కుతోందని అర్థం. వెంటనే విప్పేసి మళ్ళీ మొదలుపెట్టండి. ఆఖరి బిగింపు టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారం.

ఏసీ క్యాబిన్ ఫిల్టర్. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. బాక్సు తెరిచి, పక్కన చిన్న తాడు ఉంటే విప్పి, రెండు పక్కల గోడలు లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది. పాత ఫిల్టర్‌ని వంచకుండా అడ్డంగా లాగండి. వంచితే దాని మీది వేపాకులు, దుమ్ము బ్లోయర్లో పడి ఫ్యాను టకటకలాడుతుంది. కొత్తదాని మీది బాణం గుర్తు పాతదాని బాణం చూపిన వైపే ఉండాలి. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల తిరిగే కార్లకు సీజన్ అయ్యాక ఇది మార్చుకుంటే ఏసీ వేయగానే వచ్చే తుమ్ములు తగ్గుతాయి.

8. నట్టు ఇంజిన్‌లో పడితే

ముందు చేతులు కదపడం ఆపి వినండి. ఎన్నిసార్లు తగిలింది, ఆఖరి చప్పుడు ఇనుము మీదా ప్లాస్టిక్ మీదా అన్నది చాలావరకు చోటు చెప్పేస్తుంది. నేల మీద చప్పుడు రాకపోతే అది పైనే ఎక్కడో ఆగింది, లేదా ఇంజిన్ కింది ప్లాస్టిక్ పళ్ళెంలో ఉంది.

- ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు, కారు ముందుకీ వెనక్కీ నెట్టొద్దు.
- లైటు పై నుంచి కాకుండా పక్క నుంచి వేయండి. నట్టు నీడ పొడవుగా పడి తొందరగా కనపడుతుంది.
- అయస్కాంతం కడ్డీతో తీయండి. అల్యూమినియం, చాలా రకాల స్టెయిన్‌లెస్ స్టీల్ దానికి అంటుకోవు. వాటికి గోళ్ళ తీగ వాడాలి.
- దొరకలేదని వదిలేసి స్టార్ట్ చేయొద్దు. బెల్టులో పడితే ఇంకో రిపేరు మొదలవుతుంది.

అసలు పడకుండా చేసే ఉపాయాలు రెండున్నాయి. సందు కింద పాత గుడ్డ కుక్కండి, పనయ్యాక తీయడం మర్చిపోవద్దు. సాకెట్లో బోల్టు తల నిలవాలంటే లోపల కొంచెం గ్రీజు పూయండి, లేదా టిష్యూ కాగితం ముక్క పెట్టి బోల్టును నొక్కండి. తల కిందికి తిప్పినా జారదు.

9. చక్రం రాకపోతే, డ్రమ్ము రాకపోతే

చక్రం నట్లు కారు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేయాలి. ఎత్తాక చేస్తే చక్రం తిరుగుతుంది, కారు జాకీ మీంచి జారుతుంది. టైర్ల షాపుల్లో గాలి గన్నుతో బిగించిన నట్లు ఎల్-స్పానర్‌కి లొంగవు. స్పానర్ పిడి ఎడమ వైపు అడ్డంగా వచ్చేలా పెట్టి, కిందికి మెల్లగా బరువు వేయండి. దాని మీద ఎక్కి గెంతొద్దు.

నట్లన్నీ తీసినా చక్రం హబ్బుకి (చక్రం కూర్చునే ఇనుప పళ్ళేనికి) అతుక్కుపోతుంది కొన్నిసార్లు. రెండు నట్లు రెండేసి చుట్లు ఎక్కించి వదిలేయండి, చక్రం ఒక్కసారిగా ఊడి మీద పడకుండా. స్టాండు మీద కారు గట్టిగా ఉందని చూసుకుని, టైరు రబ్బరు మీద అరికాలితో ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క తన్నండి. అల్లాయ్ మీద సుత్తి వేయొద్దు, పగులుతుంది. వచ్చాక హబ్బు ముఖం వైరు బ్రష్‌తో రుద్ది శుభ్రం చేయండి.

వెనక బ్రేకు డ్రమ్ము ఇంకో రకం మొండిది. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టి, కారు గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వదలండి. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచి డ్రమ్ము లాగేవాళ్ళు చాలామంది. చాలా డ్రమ్ముల ముఖం మీద త్రెడ్ ఉన్న రెండు ఖాళీ రంధ్రాలుంటాయి. అవి ఉన్నది ఇందుకే. వాటిలో పట్టే బోల్టులు, ఎక్కువగా త్రెడ్ మందం 8 మిల్లీమీటర్లవి, రెండు వైపులా అర చుట్టు చొప్పున మార్చి మార్చి బిగిస్తూ పోండి. ఒక దగ్గర ఠంగుమని మోగి డ్రమ్ము ముందుకి వచ్చేస్తుంది. లోపలి దుమ్ము ఊదొద్దు, మాస్కు పెట్టుకుని తడి గుడ్డతో తుడవండి. డ్రమ్ము బయట ఉన్నంతసేపూ ఎవరూ బ్రేకు పెడల్ తొక్కకూడదు. తొక్కితే వీల్ సిలిండర్ పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి. పిల్లలు కార్లో కూర్చోకుండా డోర్లు లాక్ చేయండి.

10. క్లిప్పులు, హోసులు, బ్యాటరీ టెర్మినళ్ళు

ప్లాస్టిక్ క్లిప్పుల్లో మధ్య పిన్ను పైకి లాగేవి కొన్ని, లోపలికి నొక్కేవి కొన్ని. ముందు పిన్ను ఏ రకమో చూసి అప్పుడు నైలాన్ పట్టీ పెట్టండి. మన ఎండలకు పాత క్లిప్పులు పెళుసెక్కి విరుగుతాయి కాబట్టి కొత్తవి ఓ డజను ఇంట్లో ఉంచుకోవాలి.

రేడియేటర్ హోసు రాకపోతే లాగొద్దు. క్లాంపు వెనక్కి జరిపి, హోసును ముందు మెలితిప్పండి, తిరిగితేనే లాగండి. ఎలాగూ మార్చే హోసైతే పొడవుగా కోసి ఒలిచేయండి. రేడియేటర్ ప్లాస్టిక్ మెడ విరిగితే రేడియేటరే మార్చాలి.

బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, ఆకుపచ్చగా పేరుకున్న పొడిని చేత్తో గీకొద్దు. ఒక గ్లాసు వేడి నీళ్ళలో చెంచాడు వంట సోడా కలిపి, బ్యాటరీ మూతలు బిగించి ఉన్నాయో లేదో చూసి, కొంచెం కొంచెంగా పోయండి. నురగ ఆగాక మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. క్లాంపు కింద స్క్రూ డ్రైవర్ పెట్టి పైకి తన్నిస్తే సీసం పోస్టు విరుగుతుంది. నట్టు వదులు చేసి, క్లాంపు నోరు కొద్దిగా తెరిచి, అటూ ఇటూ తిప్పుతూ తీయండి. బిగించాక పైన వాజిలిన్ పూయండి.

మల్టీమీటర్ ఉంటే రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12.2 అంటే సగమే ఉంది. ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది.

11. బిగింపు

విప్పడానికి పడ్డ కష్టంలో సగం, ఎవరో అతిగా బిగించడం వల్ల వచ్చిందే. ఆ తప్పు మీరు చేయొద్దు.

- ప్రతి బోల్టూ మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్ళతోనే ఎక్కాలి.
- చక్రం నట్లు ఎదురెదురుగా, నక్షత్రం ఆకారంలో బిగించండి. చిన్న కార్లలో బిగింపు లెక్క (టార్క్) చాలావరకు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు లెక్క మాన్యువల్‌లో చూడండి.
- చక్రం స్టడ్ల త్రెడ్‌కి గ్రీజు రాయొద్దు. రాస్తే టార్క్ రెంచ్ టక్కుమనేలోపే అవసరాన్ని మించి బిగిసిపోతుంది.
- ఆయిల్ ఫిల్టర్ రబ్బరుకి కొత్త ఆయిల్ పూసి చేత్తోనే బిగించండి. రబ్బరు తగిలాక ముప్పావు చుట్టు. స్పానర్ వేస్తే ఈసారి తీయడానికి మీరే తిట్టుకుంటారు. తీసేటప్పుడు పాత రబ్బరు ఇంజిన్‌కే అంటుకుందేమో వేలితో తడిమి చూడండి.
- టార్క్ రెంచ్‌తో ఎప్పుడూ విప్పొద్దు. పనయ్యాక దాన్ని స్కేలు మీది కనిష్ఠ అంకెకి తిప్పి దాచండి.

12. పనయ్యాక

- తెచ్చిన పనిముట్లన్నీ లెక్కకు వచ్చాయా? రాని 10 నంబరు సాకెట్ ఇంజిన్ మీదే ఉంటుంది.
- సందులో కుక్కిన గుడ్డ తీశారా?
- ట్రేలో బోల్టు మిగిలిందా? మిగిలితే ఫోటోలు చూసి దాని చోటు కనుక్కునేదాకా స్టార్ట్ చేయొద్దు.
- బ్రేకుల మీద పని చేసి ఉంటే, కదిలే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి.
- రాత్రి ఇంజిన్ కింద పాత అట్ట పరిచి, పొద్దున మరకలు చూడండి.
- చక్రం నట్లు 50 నుంచి 100 కిలోమీటర్లలోపు మళ్ళీ చూసుకోండి. బెజవాడ నుంచి గుంటూరు వెళ్ళి రావడంతో ఆ దూరం అయిపోతుంది.

పాత ఇంజిన్ ఆయిల్‌ని సైడు కాలవలో పోయొద్దు. అది చేరేది బందరు కాలవకో, ఏలూరు కాలవకో. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ సేకరించే వర్క్‌షాపుకి ఇవ్వండి. పాత బ్యాటరీ కొత్తది కొన్న షాపులోనే ఇచ్చేయండి.

13. మేస్త్రీ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే

నట్టు రెండోసారి జారినా, స్టడ్డు విరిగినా, చీకటి పడుతున్నా పని ఆపేయండి. విప్పినవి సంచిలో వేసి పేరు రాయండి. మేస్త్రీకి ఇప్పటిదాకా ఏం చేశారో దాచకుండా చెప్పండి: "మేస్త్రీ, రాత్రి ఆయిల్ కొట్టాను, వేడి పెట్టలేదు, తల కొంచెం అరిగింది." అలా చెప్తే ఆయన మొదటి అరగంట వృథా కాదు. అరిగిన బోల్టు స్థానంలో కొత్తదే వేయమనండి. తల మీద బోల్టు బలాన్ని చెప్పే గ్రేడు అంకె, 8.8 గానీ 10.9 గానీ, పాతదాంతో సరిపోతుందో లేదో మీరే చూసి, అప్పుడు బిగించనివ్వండి.